థీవరీ కార్పొరేషన్ ‘సౌదాజి’ని చెవిపెట్టి వినడం ఎలా

లాంజ్ సంగీతం అనగానే చాలామందికి హోటల్ లాబీలు, కాఫీ దుకాణాలు, విమానాశ్రయంలో ఎదురుచూపుల గదులు గుర్తుకొస్తాయి. ఆ చోట్ల ఈ సంగీతం మాటలకు అడ్డు రాకుండా వెనక ఎక్కడో మోగుతుంది కాబట్టి, ఇది శ్రద్ధగా వినవలసినది కాదనీ, గాలిలో అగరుబత్తి వాసనలా ఉంటే చాలనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం అన్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఒక్క ఆల్బమ్‌ను తీసుకొని, దాన్ని ఏ వరుసలో, దేన్ని పట్టుకొని వినాలో వివరంగా చెప్పడమే ఈ వ్యాసం పని. ఆ ఆల్బమ్ పేరు ‘సౌదాజి’. అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు చెందిన థీవరీ కార్పొరేషన్ అనే బృందం దీన్ని 2014లో విడుదల చేసింది. దీన్ని వినడానికి పాశ్చాత్య సంగీత శిక్షణ గానీ, పోర్చుగీసు భాష గానీ వచ్చి ఉండవలసిన అవసరం లేదు. తాళం వేయగల చేయి, పదహారు వరకు లెక్కపెట్టే ఓపిక, వారం రోజులపాటు రోజుకు గంట సమయం ఉంటే సరిపోతుంది.

ఇన్ని ఆల్బమ్‌లు ఉండగా దీన్నే ఎందుకు ఎంచుకోవాలో ముందుగా చెప్పాలి. రాబ్ గార్జా, ఎరిక్ హిల్టన్ అనే ఇద్దరు 1995లో వాషింగ్టన్‌లోని ఎయిటీన్త్ స్ట్రీట్ లాంజ్ అనే క్లబ్బులో కలిసి ఈ బృందాన్ని మొదలుపెట్టారు. అప్పట్లో ఆ క్లబ్బు యజమానుల్లో హిల్టన్ ఒకరు. తరువాత వాళ్ళు నడిపిన రికార్డు సంస్థకు కూడా ఆ లాంజ్ పేరే పెట్టుకున్నారు. బ్రెజిల్ నెమ్మది పాటల శైలి బోసా నోవా, వాద్యాలను తీసేసి ప్రతిధ్వనిని నింపే జమైకా డబ్, పాత జాజ్, మన సితార్ ధ్వని, వీటన్నిటి ముక్కలను, ధ్వనులను దాచి మళ్ళీ వాయించే యంత్రమైన శాంప్లర్‌లో కత్తిరించి, నెమ్మదైన లయ మీద అతికించి వాళ్ళు పేరు తెచ్చుకున్నారు. 2000లో వచ్చిన ‘ది మిర్రర్ కాన్‌స్పిరసీ’ ఆ పద్ధతికి మంచి ఉదాహరణ. 2008 నాటి ‘రేడియో రిటాలియేషన్’లో అనుష్కా శంకర్ కూడా పాల్గొన్నారు. ఇలా దాదాపు ఇరవై ఏళ్ళు యంత్రాలతో పనిచేసిన తరువాత, ‘సౌదాజి’లో వాళ్ళు యంత్రాలను చాలావరకు పక్కనపెట్టి, తమకు మొదటి నుంచీ ప్రాణమైన బోసా నోవాను వాద్యకారులతో నేరుగా వాయింపజేశారు. ఎలక్ట్రానిక్ సంగీతానికి అలవాటుపడిన చెవులు పాత లాటిన్ సంగీతం వైపు తిరిగి చూసినప్పుడు ఏం వింటాయో, దేన్ని ఉంచుకుంటాయో, దేన్ని వదిలేస్తాయో ఈ ఆల్బమ్‌లో స్పష్టంగా కనబడుతుంది. కొత్తగా వినడం మొదలుపెట్టేవారికి దీనికన్నా అనువైన పాఠం నాకు తెలిసినంతలో లేదు.

పేరు గురించి రెండు మాటలు. పోర్చుగీసులో రాసేటప్పుడు చివరి అక్షరాలు ‘దె’లా ఉన్నా, రియో ప్రాంతపు ఉచ్చారణలో అది ‘జి’ అవుతుంది, అందుకే ‘సౌదాజి’ అంటారు. దూరమైన మనిషి, ఊరు లేదా కాలం మీద కలిగే తీపి బాధకు అది పేరు. మనకు విరహం అనే మాట ఉంది కానీ అది ప్రేమికుల మధ్యే ఎక్కువగా తిరుగుతుంది. నా దృష్టిలో దీనికి దగ్గరగా వచ్చే తెలుగు మాట ‘బెంగ’. పిల్లవాడు అమ్మమ్మ ఊరి మీద పెట్టుకునేదీ, పెళ్ళయి వెళ్ళిన అమ్మాయి పుట్టింటి మీద పెట్టుకునేదీ, సముద్రాలు దాటిన మనిషి తన వీధి మీద పెట్టుకునేదీ బెంగే. అయితే బెంగ మనిషిని కుంగదీస్తుంది, సౌదాజిని మాత్రం బ్రెజిల్ పాటగాళ్ళు ఒడిలో పెట్టుకొని నిమురుతారు. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే, విషాదపు మాటలకు ఇంత తేలికైన లయ ఎందుకుందన్న అనుమానం పాట మధ్యలో రాదు.

వినడానికి ముందు

ఫోన్‌కు ఉన్న చిన్న స్పీకరులో ఈ ఆల్బమ్‌ను వినకండి. ఇది సంపన్నుల సలహా కాదు. బోసా నోవా ప్రాణమంతా గిటారు కింది తీగల్లో, బేస్ గిటారులో ఉంటుంది. ఫోన్ స్పీకరు ఆ మంద్ర ధ్వనులను పలికించలేదు కాబట్టి, దానిలో విన్నవారికి గొంతు, గిలకల శబ్దం మాత్రమే చేరతాయి. ఇల్లు కనబడుతుంది గానీ పునాది కనబడదు. తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. గదిలో స్పీకర్లు ఉంటే వాటిని గోడకు ఆనించకుండా జానెడు దూరం జరపండి, మూలలో పెట్టకండి. మూలలో పెడితే మంద్ర ధ్వనులు ఉబ్బిపోయి, ఒక్కొక్క దెబ్బగా వినబడవలసినవి ముద్దగా మారతాయి. శబ్దం పెద్దగా పెట్టవలసిన అవసరం కూడా లేదు. పక్కన కూర్చున్న మనిషి మామూలుగా మాట్లాడే స్థాయి చాలు, ఎందుకంటే ఈ సంగీతాన్ని పాడినవాళ్ళు కూడా ఆ స్థాయిలోనే పాడారు.

మొదటి రోజు ఏ విశ్లేషణా లేకుండా పదమూడు పాటలనూ ఉన్న వరుసలోనే వినండి. పూర్తిగా వినడానికి గంట పట్టదు. పాటలను తారుమారు చేసే షఫుల్ మీటను ఆపేయండి. చేతిలో కాగితం పెట్టుకొని, మీ ధ్యాస ఏ పాట దగ్గర జారిపోయిందో మాత్రం దాని సంఖ్య రాసుకోండి. నచ్చిన పాటలను రాసుకోవలసిన పని లేదు, అవి ఎలాగూ గుర్తుంటాయి. వారం చివర మళ్ళీ తిరిగి వెళ్ళవలసింది ధ్యాస జారిన పాటల దగ్గరికే. మొదటిసారి విన్నప్పుడు నాకు మధ్యలోని మూడు నాలుగు పాటలు ఒకే రంగు గోడల్లా కలిసిపోయాయి. అది ఆల్బమ్‌లోని లోపమని కొంతకాలం అనుకున్నాను. కొంతవరకు లోపమే కావచ్చు, కానీ నా చెవికి ఆ రంగులోని ఛాయలను విడదీసే అలవాటు లేకపోవడం అంతకంటే పెద్ద కారణమని తరువాత తెలిసింది.

బొటనవేలిని పట్టుకోవడం

రెండవ రోజు గొంతును వదిలేసి, గిటారు వాయించే మనిషి బొటనవేలిని మాత్రమే వినాలి. ఇది ఎందుకు ముఖ్యమో తెలియాలంటే 1950ల చివరి రియో డి జనీరోకు వెళ్ళాలి. బాయియా రాష్ట్రంలోని జువాజైరో అనే ఊళ్ళో 1931లో పుట్టిన జోవాఁవ్ జిల్బెర్తో, బ్రెజిల్ ఊరేగింపు నృత్య సంగీతమైన సాంబాలోని డప్పుల బృందం మొత్తాన్ని ఒక్క గిటారులోకి తెచ్చే పద్ధతిని కనిపెట్టాడు. సాంబా ఊరేగింపులో సుర్దో అనే పెద్ద డప్పు గుండెచప్పుడులా అడుగు లయను మోస్తుంది. తంబొరీం అనే అరచేతి వెడల్పు చిన్న డప్పు ఆ లయకు అటూ ఇటూ తప్పుకుంటూ చిటచిటలాడుతుంది. జిల్బెర్తో బొటనవేలికి సుర్దో పనిని అప్పగించాడు, మిగతా వేళ్ళు తంబొరీంలా తీగలను కలిపి పైకి లాగాయి. 1958లో వచ్చిన అతని రికార్డు, 1959లో వచ్చిన మొదటి ఆల్బమ్ బోసా నోవాకు పునాది వేసి, బ్రెజిల్ సంగీతాన్ని మలుపు తిప్పాయి. ఆ పాటల వెనక స్వరకర్తగా అంతోనియో కార్లోస్ జోబీం, కవిగా వినీసియుస్ జి మొరాయిస్ ఉన్నారు.

చేయవలసిన పని ఇది. ‘సౌదాజి’లో ఏదైనా ఒక పాట పెట్టి, కాలి మడమను నేల మీద ఆనించి, బొటనవేలు తీగను తాకిన ప్రతిసారీ మడమను తట్టండి. మొదట్లో బేస్ గిటారు దెబ్బనూ గిటారు బొటనవేలి దెబ్బనూ విడదీయలేకపోతారు. ఫరవాలేదు, రెండూ చాలాసార్లు ఒకేచోట పడతాయి. మడమ కుదిరిన తరువాత ఒక విషయం గమనించండి. రెండు దెబ్బల జతలో రెండవది కాస్త బరువుగా ఉంటుంది. పాశ్చాత్య నృత్య సంగీతానికి అలవాటుపడిన చెవి మొదటి దెబ్బలో బరువు కోసం వెతుకుతుంది. సాంబాలో మాత్రం పెద్ద సుర్దో రెండవ దెబ్బ మీద వాలుతుంది. బోసా నోవా ఆ బరువును బాగా తగ్గించింది కానీ పూర్తిగా వదిలిపెట్టలేదు. ఆ వాలు దొరికిన క్షణంలో మీ భుజాలు వాటంతట అవే కదులుతాయి, దాన్ని ఆపకండి.

లెక్క

మూడవ రోజు పని లెక్కపెట్టడం. ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగానికి వచ్చాను, కాబట్టి కొంత ఎక్కువసేపు ఇక్కడ ఉంటాను. లాటిన్ సంగీతం గురించి రాసేవారు ‘క్లావే’ అనే మాటను తరచుగా వాడతారు. క్యూబాలో రెండు గుండ్రని కర్రముక్కలను ఒకదాని మీద ఒకటి కొట్టి పలికించే ఐదు దెబ్బల లయాకృతికి ఆ పేరు ఉంది. ఆ కర్రలనూ క్లావేలనే అంటారు. దీన్ని పాశ్చాత్య స్వరలిపిలో చూస్తే భయం వేస్తుంది. మృదంగం నేర్చుకునే పిల్లలు నోటితో చెప్పే జతుల్లో చూస్తే మాత్రం ఇది చాలా సులభం. తకిట అంటే మూడు, తకధిమి అంటే నాలుగు, తక అంటే రెండు. ఈ మూడు తెలిస్తే క్యూబా అంతా మన నోట్లో ఉన్నట్టే.

ముందు చేతితో నాలుగు దెబ్బలు వేయండి. ఒక్కొక్క దెబ్బకు లోపల నాలుగు మాత్రలు, అంటే మొత్తం పదహారు మాత్రలు. గడియారం సెకన్ల ముల్లుతో పాటు ఒక్కో దెబ్బ వేస్తే వేగం సరిపోతుంది. చేయి ఆగకుండా దెబ్బలు వేస్తూ ఉండగా నోటితో ఇలా చెప్పండి: తకిట తకిట తకధిమి తక తకధిమి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు కలిపితే పదహారు. ప్రతి ముక్క మొదటి అక్షరాన్ని గట్టిగా పలకండి. ఆ ఐదు గట్టి అక్షరాలే క్యూబాలో సోన్ క్లావే అని పిలిచే లయ. మొదటి ‘త’ చేతి దెబ్బతో కలిసి పుడుతుంది, రెండవది రెండవ దెబ్బకు ఒక మాత్ర ముందు పడుతుంది, మూడవది రెండు, మూడు దెబ్బల సరిగ్గా మధ్యలో, నాలుగవది మూడు, నాలుగు దెబ్బల మధ్యలో పడతాయి. ఐదవది నాలుగవ దెబ్బ మీద పడుతుంది. అంటే ఇంటి నుంచి బయలుదేరి, వీధులన్నీ తిరిగి, చివరి దెబ్బ దగ్గర మళ్ళీ ఇంటికి చేరినట్టు ఉంటుంది. సాల్సా నృత్యంలో కనిపించే ధీమా చాలావరకు ఈ రాకలోనే ఉంది.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చేయండి. చేతి దెబ్బలు మార్చకుండా, నోటితో తకిట తకిట తకధిమి తకిట తకిట అనండి. మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు, మళ్ళీ పదహారే. మొదటి నాలుగు గట్టి అక్షరాలు ఇందాక పడిన చోటనే పడతాయి. ఐదవది మాత్రం నాలుగవ దెబ్బ మీద పడకుండా ఒక్క మాత్ర జరిగి, దెబ్బ దాటిన తరువాత పడుతుంది. బోసా నోవాలో డ్రమ్ము అంచు మీద కర్రతో కొట్టే చిటికె శబ్దం ఎక్కువగా ఈ ఆకృతిలోనే వినిపిస్తుంది. ఇందాక ఇంటికి చేరిన మనిషి ఇప్పుడు గుమ్మం దాటి ఒక అడుగు ముందుకు వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి చూసినట్టు ఉంటుంది. ఒక్క మాత్ర జరగడం వల్ల క్యూబా ధీమా బ్రెజిల్ బెంగగా మారింది. సౌదాజి అనే మాటకు నిఘంటువుల్లో ఎన్ని అర్థాలు చదివినా నాకు అంతుపట్టనిది, ఈ ఐదవ అక్షరం జరిగిన చోట పట్టుబడింది.

రెండు ఆకృతులనూ నాలుగేసి సార్లు మార్చి మార్చి చెప్పండి. నోరు తిరిగాక చేతి దెబ్బలను మడమకు అప్పగించి, నోటి జతులను రెండు వేళ్ళతో బల్ల మీద కొట్టండి. తరువాత ఆల్బమ్ పెట్టి, ఏ పాటలో చిటికె శబ్దం ఈ ఆకృతిని పూర్తిగా పాటిస్తోందో, ఏ పాటలో సగం దాకా వచ్చి వేరే దారి పట్టిందో చూడండి. ఫోన్‌లో డ్రమ్ముల ఆప్ ఉన్నవారు పదహారు గడుల వరుసలో 1, 4, 7, 11, 14వ గడులను నింపితే బోసా ఆకృతి, చివరి దాన్ని 14 నుంచి 13కు మారిస్తే సోన్ క్లావే వినిపిస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పడం నా బాధ్యత. క్యూబా సంగీతకారులు క్లావేను చట్టంలా పాటిస్తారు. బ్రెజిల్‌లో అలా కాదు, తంబొరీం వాయించేవారికి ఎన్నో ఆకృతులు ఉంటాయి, వాటిని వాళ్ళు పాట నడకను బట్టి మార్చుకుంటారు. జిల్బెర్తో గిటారు కూడా ఏ ఒక్క ఆకృతికీ కట్టుబడి ఉండదు. కాబట్టి జతులను పాట మీద రుద్దకండి. అవి చెవికి చూపుడు వేలు మాత్రమే.

గొంతులు

నాలుగవ రోజును గొంతులకు ఇవ్వండి. ఈ ఆల్బమ్‌లో గార్జా, హిల్టన్ పాడరు, వాళ్ళు స్వరకల్పన, నిర్మాణం చూసుకున్నారు. పాడిన ఐదుగురూ స్త్రీలే. మొదటి పాట ‘దెకొలాజ్’ను ఫ్రెంచిలో పాడిన లూలూ గెలిచ్‌కానీ ఆల్బమ్‌లో ఎక్కువసార్లు వినిపిస్తారు. బ్రెజిల్‌కు చెందిన కరీనా జెవియాని, అర్జెంటీనాకు చెందిన నతాలియా క్లావియర్, ఎలిన్ మెల్గరెహో, షానా హాలిగన్ మిగతా నలుగురు. పోర్చుగీసు, ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్, ఇంగ్లీషు, ఇలా ఐదు భాషలు ఒకే లయ మీద కూర్చుంటాయి. ఏ భాష ఏదో మొదట తెలియకపోవచ్చు. పోర్చుగీసును గుర్తుపట్టడానికి ఒక తేలిక దారి ఉంది. పాత తెలుగు పుస్తకాల్లో అరసున్న గుర్తు చూసి ఉంటారు కదా, అచ్చును ముక్కుతో కొద్దిగా పలికించే ఆ ధ్వని పోర్చుగీసులో అడుగడుగునా ఉంటుంది. వాక్యం చివర గాలి ముక్కులోకి వెళ్ళిపోతున్నట్టు అనిపిస్తే అది పోర్చుగీసు కావచ్చు, అయితే ఫ్రెంచిలోనూ ముక్కుతో పలికే అచ్చులు ఉంటాయని గుర్తుంచుకోండి.

వీళ్ళెవరూ గొంతు పెంచరు. దీనికి కారణం కేవలం అభిరుచి కాదు, మైకు కూడా. మంచి మైకు దగ్గరగా ఉన్నప్పుడు గుసగుస కూడా రికార్డు అవుతుందని గ్రహించిన జిల్బెర్తో, పాటలోంచి కంపితాన్నీ నాటకీయతనూ తీసేసి, చెవిలో మాట చెప్పినట్టు పాడాడు. ఆ తరువాత అమెరికా శాక్సఫోను వాద్యకారుడు స్టాన్ గెట్జ్‌తో కలిసి 1963లో న్యూయార్క్‌లో రికార్డు చేసి 1964లో విడుదలైన ‘గెట్జ్ / జిల్బెర్తో’లో జోవాఁవ్‌కు అప్పటి భార్య అయిన ఆస్ట్రుడ్ జిల్బెర్తో పాడిన ఇంగ్లీషు పంక్తులు ఆ నిరాడంబరమైన గొంతును ప్రపంచమంతా వినిపించాయి. ఆ ఆల్బమ్‌కు 1965లో సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం వచ్చింది. లాంజ్ సంగీతంలో ఇప్పటికీ వినిపించే ఆడగొంతు గుసగుసకు పూర్వీకురాలు ఆ ఆస్ట్రుడ్ గొంతే.

గమకాలకు అలవాటుపడిన మన చెవికి ఈ గొంతులు మొదట చదునుగా, ఏ భావమూ లేనట్టుగా అనిపించవచ్చు. ఆ అనుమానం నాకూ వచ్చింది. వీళ్ళ నైపుణ్యం స్వరాన్ని ఊపడంలో లేదు, మాటను కాలంలో ఎక్కడ ఉంచాలన్న నిర్ణయంలో ఉంది. కాబట్టి దాన్ని కొలవడానికి మళ్ళీ మడమే సాధనం. ఒక పాటలో ఏదో ఒక పంక్తిని పట్టుకోండి. మడమతో తాళం వేస్తూ, ఆ పంక్తి మొదటి అక్షరం దెబ్బకు ముందు పడిందా, దెబ్బ మీద పడిందా, దాటాక పడిందా చూడండి. పాట తిరిగి అదే పంక్తికి వచ్చినప్పుడు మళ్ళీ చూడండి. చాలాసార్లు రెండవసారి చోటు మారుతుంది. కింద గిటారు తొణకకుండా నడుస్తూ ఉంటే, పైన గొంతు తొందరపడకుండా వెనకబడటం, అంతలో మాటలు దగ్గరగా పలికి అందుకోవడం, ఈ సాగదీత, ఈ అందుకోవడమే ఇక్కడి గమకం.

పాతదనం ఎక్కడ ఉందో వెతకడం

ఈ ఆల్బమ్‌ను పాత కాలపు ఆల్బమ్ అని పిలవడం తేలిక. పాతదనం ఏ వస్తువులో ఉందో చెప్పడం కష్టం. ఐదవ రోజు పని అదే. లాంజ్ అనే మాటకు ఉన్న అసలు చరిత్ర 1950ల అమెరికాలో మొదలవుతుంది. మార్టిన్ డెన్నీ 1957లో ‘ఎగ్జాటికా’ అనే ఆల్బమ్‌తో వైబ్రఫోను అనే లోహపు పట్టీల వాద్యం మోతనూ పక్షుల కూతలనూ కలిపి సామాన్యుల డ్రాయింగు గదుల్లోకి పంపాడు. 1958లో స్టీరియో రికార్డులు మార్కెట్లోకి వచ్చాక, మెక్సికోకు చెందిన ఎస్కివెల్ వంటివారు వాద్యాలను కుడి నుంచి ఎడమకు పరుగెత్తించి ఆ కొత్త సాధనంతో ఆడుకున్నారు. 1990లలో ఆ పాత రికార్డులు మళ్ళీ గదుల్లోంచి బయటికి వచ్చినప్పుడే థీవరీ కార్పొరేషన్ వంటి బృందాలు పుట్టాయి. అప్పటికి శాంప్లర్లు చౌకబడ్డాయి. రోజర్ లిన్ రూపకల్పన చేసి ఆకాయ్ సంస్థ 1988లో తెచ్చిన ఎంపీసీ 60 వంటి పెట్టెల మీద పాత రికార్డు ముక్కను ఒక మీటకు అంటించి వేలితో వాయించవచ్చు.

కాబట్టి ఇలాంటి ఆల్బమ్‌లలో పాతదనం రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, పాత రికార్డు ముక్కనే తెచ్చి అతికించడం. రెండు, పాతవాళ్ళు వాయించిన పద్ధతిలో కొత్తగా వాయించడం. వీటిని చెవితో విడదీయడానికి ఒక పరీక్ష ఉంది. గిలకల శబ్దాన్ని, అంటే ఇసుక పోసిన డబ్బాను ఊపినట్టు వినిపించే ధ్వనిని, నాలుగు ఆవృత్తాల పాటు వినండి. నాలుగు ఆవృత్తాలలోనూ ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా అదే ధ్వని, అదే బరువు వస్తే అది లూపు, అంటే యంత్రం ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ తిప్పడం. ఒకచోట ఇసుక కాస్త ముందుగా జారి, మరొకచోట చేయి అలసినట్టు మెత్తబడితే అక్కడ మనిషి ఉన్నాడు. ఈ పరీక్షను ముందు ‘ది మిర్రర్ కాన్‌స్పిరసీ’ మీద, తరువాత ‘సౌదాజి’ మీద చేయండి. పద్నాలుగేళ్ళలో ఆ ఇద్దరూ ఎంత దూరం నడిచారో ఒక్క గిలకల చప్పుడు చెప్పేస్తుంది. లూపు తక్కువదని నేను అనడం లేదు. మార్పు లేకపోవడంలో ఒక మత్తు ఉంది, 2000 నాటి ఆల్బమ్ అందం ఆ మత్తులోనే ఉంది. కానీ బెంగను లూపుగా చుట్టలేం. ఈ పాటలకు మనుషుల చేతులు కావాలని ఆ ఇద్దరూ తీసుకున్న నిర్ణయం సరైనదని నా అభిప్రాయం.

యంత్రం పూర్తిగా వెళ్ళిపోయిందని మాత్రం అనుకోకండి. గొంతు ఆగిన తరువాత ఆ చివరి అక్షరం గదిలో ఎంతసేపు నిలిచిందో, వాద్యాలు ఒక్కొక్కటిగా తప్పుకొని లయ మాత్రమే మిగిలే చోట్లు ఎక్కడ ఉన్నాయో చూడండి. పాటలోంచి వాద్యాలను తీసేసి, మిగిలినదాన్ని ప్రతిధ్వనిలో నానబెట్టే విద్యను 1970లలో జమైకాలో కింగ్ టబ్బీ వంటి డబ్ ఇంజనీర్లు నేర్పారు. ఆ విద్యతోనే ఎదిగిన ఈ ఇద్దరికి ఏ వాద్యం ఎప్పుడు మౌనంగా ఉండాలో తెలుసు. ‘సౌదాజి’లో ఎలక్ట్రానిక్ సంగీతం మిగిలి ఉన్నది ఈ ఖాళీలలోనే.

మూలాల దగ్గరికి వెళ్ళి రావడం

బృందం పేరులోనే దొంగతనం అనే మాట ఉంది. ఎక్కడెక్కడి సంగీతాన్నో తెచ్చుకున్నామన్న సంగతిని వాళ్ళు దాచుకోలేదు. వినేవాడిగా మన వంతు కర్తవ్యం కూడా ఒకటి ఉందని నేను భావిస్తాను. తెచ్చుకున్నది ఎక్కడిదో వెతుక్కుంటూ వెళ్ళి వినాలి. అలా వెళ్ళకపోతే రియో వీధుల్లో పుట్టిన లయ మనకు ఎప్పటికీ వాషింగ్టన్ సరుకుగానే మిగిలిపోతుంది. ఆరవ రోజు 1959 నాటి జిల్బెర్తో ఆల్బమ్‌తో మొదలుపెట్టండి. పాటలు చాలా చిన్నవి, రెండేసి నిమిషాలకు అటూ ఇటూ ఉంటాయి. తరువాత ‘గెట్జ్ / జిల్బెర్తో’. ఆపైన జిల్బెర్తో కుమార్తె బెబెల్ 2000లో విడుదల చేసిన ‘తాంతో తెంపో’ వినండి. యుగోస్లావియాలో పుట్టి సావో పాలోలో స్థిరపడిన సుబా ఆ ఆల్బమ్‌ను నిర్మించి, అది విడుదల కాకముందే 1999లో అగ్నిప్రమాదంలో మరణించాడు. బోసా నోవాను ఎలక్ట్రానిక్ ధ్వనితో కలపడానికి జరిగిన ప్రయత్నాలలో దానికి సాటి వచ్చేవి తక్కువ. తండ్రి గిటారు, కూతురి గొంతు, మధ్యలో నలభై ఏళ్ళ యంత్రాలు, ఇవన్నీ విన్న చెవితో ‘సౌదాజి’కి తిరిగి వస్తే మొదటి రోజు కాగితం మీద రాసుకున్న పాటలు వేరుగా వినిపిస్తాయి.

మన పాత సినిమా పాటలు వింటూ పెరిగినవారికి ఈ దారిలో ఒక సౌకర్యం ఉంది. ఆ కాలపు క్లబ్బు పాటల్లో బోంగోలు, మరకాస్ గిలకలు ధారాళంగా వినిపించేవి, కాబట్టి లాటిన్ వాద్యాల ధ్వని మనకు పూర్తిగా పరాయిది కాదు. అయితే అక్కడ అవి ఉత్సాహానికి గుర్తుగా వచ్చేవి. అవే వాద్యాలు ఇక్కడ ఇంత నెమ్మదిగా, ఇంత ఇంటి మనిషిలా మాట్లాడటం వింటే కలిగే ఆశ్చర్యాన్ని తొందరపడి వదులుకోకండి.

ఏడవ రోజు మీరు ధ్యాస జారినట్టు రాసుకున్న పాటలను మాత్రమే వినండి. ఒక్కొక్క పాటకు ఒక్కొక్క పని పెట్టుకోండి. ఒకదానిలో బొటనవేలు, ఒకదానిలో ఐదవ అక్షరం, ఒకదానిలో గొంతు వెనకబాటు, ఒకదానిలో గిలకలు. అన్నీ ఒకేసారి పట్టుకోవాలని ప్రయత్నిస్తే ఏదీ దొరకదు. ఆ తరువాత కూడా ఏదైనా పాట మీకు చప్పగా ఉందనిపిస్తే, అది చప్పనిదే అని ధైర్యంగా నిర్ణయించుకోవచ్చు. అంత శ్రద్ధగా విన్నవారికి ఆ హక్కు ఉంది. చివరి పాట ‘డెప్త్ ఆఫ్ మై సోల్’ దగ్గర మాత్రం కొంచెం ఆగండి. షానా హాలిగన్ ఇంగ్లీషులో పాడిన ఈ పాటలో బోసా నోవా ఎండ తగ్గి, 1960ల సినిమా సంగీతపు నీడ పడుతుంది. ఆల్బమ్‌ను అక్కడ ముగించడం నాకు మొదట నచ్చలేదు. సాయంత్రం చీకటిపడే వేళ వరుసలో విన్నప్పుడు ఆ ముగింపు ఎందుకో అర్థమైంది.

ఇదే పద్ధతిని ఇలాంటి వేరే ఆల్బమ్‌లకూ వాడుకోవచ్చు. పారిస్‌కు చెందిన గోతాన్ ప్రాజెక్ట్ 2001లో తెచ్చిన ‘లా రెవాంచా దెల్ తాంగో’లో అర్జెంటీనా తాంగోను ఎలక్ట్రానిక్ లయలతో కలిపారు. బృందం పేరే తాంగో అనే మాటలోని అక్షరాలను తిరగేసి పెట్టుకున్నది. దానికి కావలసిన జతి ఇంకా చిన్నది: తకిట తకిట తక. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది. బ్యూనస్ ఐరిస్ తాంగోను మార్చివేసిన ఆస్తోర్ పియాసోలా సంగీతమంతటా ఈ ఎనిమిది మాత్రల కుదుపు కనబడుతుంది. చేతితో రెండు దెబ్బలు వేస్తూ దీన్ని చెప్పి చూడండి. మొదటి ‘త’ మొదటి దెబ్బ మీద పడుతుంది, రెండవది రెండవ దెబ్బకు ఒక మాత్ర ముందే దూకుతుంది, మూడవది ఆ దెబ్బ దాటాక రెండు మాత్రలకు వస్తుంది. చెవులకు బొటనవేలు అలవాటైనవారు ఈసారి దాని కోసం వెతకనవసరం లేదు. తాంగోలో ఆ పనిని బేస్ తీగలతో పాటు, బాందోనియోన్ అనే తిత్తుల వాద్యం ఊపిరి పీల్చి వదిలే చప్పుడు చేస్తుంది.